ధర్మచక్రానికి ఎన్ని ఆకులు? – వివరణ పలకలు రాసేవారికి బహిరంగ లేఖ

బౌద్ధ స్థలాల్లోనూ మ్యూజియాల్లోనూ వివరణ పలకలు రాసే పెద్దలకు, గైడ్లకు, బడి గోడల మీద చార్టులు తగిలించే ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

పోయిన వేసవి సెలవుల్లో మా మేనకోడల్ని ఒక మ్యూజియానికి తీసుకెళ్ళాను. అది ఏ మ్యూజియమో చెప్పను, ఎందుకంటే ఇది ఒక్కచోటి జబ్బు కాదు. నాలుగో తరగతి పిల్ల. ఏది కనిపించినా లెక్కపెట్టి తీరాల్సిన వయసు. పల్నాటి సున్నపురాతి పలక ఒకటి గోడకి ఆనించి ఉంది. కింద ఎవరూ కూర్చోని ఆసనం, దాని వెనక నుంచి లేచిన స్తంభం, స్తంభం మీద చక్రం, అటూ ఇటూ చేతులు జోడించిన మనుషులు. పక్కన బోర్డు: ఇది ధర్మచక్రం, దీని ఎనిమిది ఆకులు అష్టాంగ మార్గానికి ప్రతీకలు అని. మా పిల్ల గాల్లో వేలు ఆడిస్తూ లెక్కపెట్టింది. మధ్యలో తప్పింది. చక్రం అంచున చిన్న పెచ్చు ఊడిన చోటు గుర్తు పెట్టుకుని మళ్ళీ మొదలెట్టింది. పదహారు అన్నాక కూడా ఆ పెచ్చు దగ్గరికి తిరిగి రాలేదు.

"మావయ్యా, రాయి తప్పా, బోర్డు తప్పా?"

బోర్డే తప్పమ్మా అన్నాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఆ జవాబు సగమే అనిపించింది. బోర్డులో అంకె దిద్దినంత మాత్రాన తప్పు పోదు. పదహారంటే పదహారుకి, ఇరవై నాలుగంటే ఇరవై నాలుగుకి మనం ఏదో ఒక జాబితా తెచ్చి తగిలించగలం. అసలు చక్రాన్ని చూడగానే ఆకులు లెక్కపెట్టి ఒక్కోదానికి ఒక్కో అర్థం అంటించాలన్న అలవాటు మీదే నా ఫిర్యాదు.

ఆకు అనే మాట నేనేమీ కవిత్వం కోసం వాడటం లేదు. చక్రం నట్టనడుమ ఇరుసు దూరే గుండ్రటి దిమ్మ, అంటే కుండ, దాన్నుంచి అంచు దాకా పోయే ఆ కర్రల్ని తెలుగులో బండి చేసేవాళ్ళూ తోలేవాళ్ళూ ఆకులనే అంటారు. బండి చక్రం కట్టడం దగ్గరగా చూసినవాళ్ళు మీలో ఉండే ఉంటారు. కుండ చుట్టూ తొలిచిన బెజ్జాల్లోకి వడ్రంగి ఒక్కో ఆకూ దిగేస్తాడు. వాటి చివర్లకి చెక్క వంపులు తొడిగి గుండ్రంగా కూరుస్తాడు. పిడకల మంటలో ఎర్రగా కాలిన ఇనప పట్టాని పట్టకార్లతో ఎత్తి దాని మీదకి దించి, బిందెలతో నీళ్ళు కుమ్మరిస్తారు. పొగలు కక్కుతూ పట్టా బిగుసుకుంటుంటే ఆకులన్నీ కిర్రుమని ఒక్కసారిగా కుండలోకి సర్దుకుంటాయి. ఏ ఆకు దేనికి ప్రతీక అని అడిగితే ఆ వడ్రంగి నవ్వుతాడు. ఎన్ని ఆకులేశావని అడిగితే బండి మొయ్యాల్సిన బరువు సంగతి చెప్తాడు.

బుద్ధుడి మాటల్లో ఈ వడ్రంగి ఉన్నాడు. ఆయన ప్రసంగాల సంకలనమైన అంగుత్తర నికాయలో పచేతనుడనే రాజు కథ వస్తుంది. ఇంకో ఆరు నెలల్లో యుద్ధం, ఈలోపు కొత్త చక్రాల జత చేసిపెట్టమని రథకారుణ్ణి అడుగుతాడు. ఆరు నెలలకి ఆరు రోజులు తక్కువ ఉండగా చూస్తే ఒక్క చక్రమే పూర్తయింది. మిగిలిన ఆరు రోజుల్లో రెండోది చేసెయ్యగలవా అంటే, చేస్తానని చేసేశాడు. రెండూ పక్కపక్కన పెడితే రాజుకి తేడా ఏమీ కనపడలేదు. తేడా ఉందని రథకారుడు వాటిని దొర్లించి చూపించాడు. ఆరు రోజుల చక్రం తోసిన ఊపు ఉన్నంతసేపు పోయి, గిరగిరా తిరిగి పడిపోయింది. ఎక్కువ రోజులు పట్టిన చక్రం మాత్రం ఊపు అయిపోయాక ఇరుసుకి తగిలించినట్టు నిలబడింది. పడిపోయినదాని అంచులోనూ ఆకుల్లోనూ కుండలోనూ వంకరలున్నాయి, కర్రలో కసరుంది, అదీ కారణం. ఆ రథకారుణ్ణి నేనే, అప్పుడు కర్ర వంకరలు తెలిసినవాణ్ణి, ఇప్పుడు మనసూ మాటా చేతల వంకరలు తెలిసినవాణ్ణి అంటాడు బుద్ధుడు. ఇక్కడ ఆకుల సంఖ్య ప్రసక్తే లేదని గమనించండి. నిలబెట్టి చూస్తే రెండు చక్రాలూ ఒకటే. దొర్లిస్తేనే తెలుస్తుంది.

సుఖం అనే మాటని చూడండి. ఋగ్వేదంలో అది రథానికి విశేషణంగా వస్తుంది. ఖం అంటే రంధ్రం, కుండ మధ్యలో ఇరుసు దూరే బెజ్జం. అది కుదురుగా ఉంటే బండి హాయిగా నడుస్తుంది. దుఃఖానికీ పుట్టుక అక్కడేనని కొందరు పండితులంటారు, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. ధమ్మపదం మొదటి గాథలోనూ బండే ఉంది: చెడు మనసుతో చేసిన పనికి దుఃఖం వెంట పడుతుంది, లాగే ఎద్దు అడుగు వెనకే చక్రం వచ్చినట్టు. ఇవి విన్నవాళ్ళందరికీ బండి తెలుసు, బురదలో దిగబడ్డ చక్రమూ తెలుసు.

అంటే ఆకులకి అర్థం చెప్పడమే తప్పని నేననను. పన్నెండు ఆకులతో ఆకాశం చుట్టూ తిరిగే ఋతచక్రం ఋగ్వేదంలోనే ఉంది. అక్కడ పన్నెండు అంటే నెలలని అందరూ చదువుకుంటారు, అది సరిపోతుంది. ఆ తర్వాతి కాలంలో బౌద్ధులు ఎనిమిది ఆకుల చక్రం గీసి అష్టాంగ మార్గాన్ని చూపించడం కూడా నిజమే. ఎనిమిది ఉన్న చోట ఎనిమిదని రాయండి. నా బాధల్లా మన రాళ్ళ మీద లేనిదాన్ని ఉన్నట్టు చదవడం గురించి.

ఇంతకీ ఈ చక్రం బుద్ధుడి చేతికి ఎలా వచ్చింది? రాజుల దగ్గర నుంచి. మన జగ్గయ్యపేట స్తూపం దగ్గర దొరికి ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న చక్రవర్తి శిల్పం ఫొటో అయినా మీరు చూసే ఉంటారు. క్రీస్తు పూర్వం 1వ శతాబ్దం నాటిది. సన్నగా, పొడుగ్గా నిలబడ్డ రాజు చెయ్యి పైకెత్తాడు. పైన మబ్బులోంచి చతురస్రపు నాణేలు, అప్పట్లో చెలామణీలో ఉన్న విద్ధాంక నాణేల్లాంటివే (గుర్తులు గుద్దిన నాణేలు), జలజలా రాలుతున్నాయి. చుట్టూ ఏనుగు, గుర్రం, రాణి, మణి, మంత్రి. స్తంభం మీద చక్రం. అది ధర్మచక్రం కాదు, చక్రవర్తి దగ్గరుండే ఏడు రత్నాల్లో మొదటిదైన చక్రరత్నం. రెండింటినీ చెక్కిన తీరు ఒకటే. ఈ రాయి ముందు నిలబెట్టి చెప్పకుండా ధర్మచక్రం గురించి చెప్పడం మొదలెడితే కథ మధ్యలోంచి మొదలెట్టినట్టే.

చక్రరత్నం ఏం చేస్తుందో బుద్ధుడి ప్రసంగాల మరో సంకలనం దీఘ నికాయలో, చక్కవత్తి సీహనాద సుత్తం అనే ప్రసంగంలో ఉంది. అది తూర్పుకి దొర్లితే రాజు సేనతో దాని వెనక నడుస్తాడు. అక్కడి రాజులు ఎదురొచ్చి స్వాగతం అంటారు. తర్వాత దక్షిణం, పడమర, ఉత్తరం. కత్తి దూయకుండానే లోకం కిందికొస్తుంది. కొన్నాళ్ళకి చక్రం ఉన్నచోటి నుంచి జారుతుంది. అప్పుడు రాజు కొడుక్కి పట్టం కట్టి అడవికి పోతాడు. ఏడు రోజులకి చక్రం మాయమవుతుంది. కొత్త రాజు దిగులుగా వస్తే తండ్రి చెప్పే మాట నాకు చాలా ఇష్టం. దిగులు పడకు నాయనా, చక్రరత్నం నీకు తండ్రి నుంచి సంక్రమించే ఆస్తి కాదు, ధర్మంగా నడుచుకో, అదే వస్తుంది అంటాడు. వారసత్వ సంపద అన్న మాట లేకుండా మనకి ఒక్క బోర్డూ పూర్తి కాదు కదా, అందుకే గుర్తు చేస్తున్నాను.

ఇంక ఇసిపతనం, అంటే ఈనాటి సారనాథ్. అక్కడి జింకల వనంలో బుద్ధుడి మొదటి ప్రసంగానికి ఐదుగురు శ్రోతలు: కొండన్న, వప్ప, భద్దియ, మహానామ, అస్సజి. చక్రానికి అటూ ఇటూ జింకలుంటే అది ఆ వనానికి గుర్తు. నలందా విహారపు ముద్రల మీదా అదే, టిబెట్ విహారాల కప్పుల మీద మెరిసే బంగారు చక్రం పక్కనా అదే. ఆ మొదటి ప్రసంగానికి ధమ్మచక్కప్పవత్తన సుత్తం అని పేరు. అష్టాంగ మార్గం అందులోనే ఉంది. కానీ చక్రానికి ఎనిమిది ఆకులని మాత్రం ఎక్కడా లేదు. సుత్తం తనంతట తాను చెప్పుకునే లెక్క పన్నెండు: నాలుగు సత్యాలు, ఒక్కోటి మూడు విడతలు. తెలుసుకున్నాను, చెయ్యాల్సింది ఇది, చేసేశాను అని. దాన్ని కూడా ఆకులని అనలేదు. వేరే చోట, మహాపురుష లక్షణాల్లో, బుద్ధుడి అరికాళ్ళలో చక్రాలు ఉంటాయనీ వాటికి వెయ్యి ఆకులనీ చెప్తారు. అమరావతి బుద్ధపాదాల మీద శిల్పి చెక్కింది ఆ చక్రమే. చెయ్యి తిరిగినంత మేర ఆకులు దట్టంగా వేసి, వెయ్యి అనుకోమన్నాడు.

ఆ సుత్తం చివర జాగ్రత్తగా చదవండి. బుద్ధుడు మాట్లాడటం పూర్తవుతుంది. ఐదుగురిలో కొండన్నకి ఒక్కడికి విషయం తలకెక్కుతుంది. పుట్టే స్వభావం ఉన్నదంతా పోయే స్వభావం ఉన్నదే అని అతనికి తెలుస్తుంది. ఆ తర్వాతే దేవతలు, ఎవ్వరూ వెనక్కి తిప్పలేని ధమ్మచక్రం తిరిగిందని కేకలేస్తారు. ఎదుటివాడికి ఎక్కినప్పుడు తిరిగిందన్నమాట. తెలిసిందోయ్ కొండన్నకి అని బుద్ధుడు సంబరపడితే, అతనికి అఞ్ఞా కొండన్న అనే పేరు మిగిలిపోయింది. ఇంకోచోట సేలుడనే బ్రాహ్మణుడు బుద్ధుణ్ణి నిలదీస్తాడు. నువ్వు ధర్మరాజువంటున్నావు, చక్రం తిప్పుతున్నానంటున్నావు, మరి నీ సేనాపతి ఎవరు? నా శిష్యుడు సారిపుత్తుడు, నేను తిప్పిన చక్రాన్ని వెంటబడి తిప్పేది అతనే అని జవాబు.

ధమ్మచక్కప్పవత్తన అనే పేరులోని పవత్తన, అంటే ప్రవర్తనం, అనే మాటని మనం బోర్డు మీద రాసి వదిలేస్తాం. అది మన రోజువారీ తెలుగే. పిల్లల ప్రోగ్రెస్ కార్డులో ప్రవర్తన అనే గడి ఉంటుంది, అంటే నడవడి. చక్రం నడవడమూ మనిషి నడవడమూ ఒకే మాటలో ఉన్న భాష మనది. ఇంత తేలిక దారి పెట్టుకుని, ఎనిమిది పెద్ద పెద్ద సంస్కృత సమాసాలు బోర్డుకెక్కించి పిల్లల్ని బెదరగొడతాం.

ఇప్పుడు ఉపాధ్యాయులతో ఒక మాట. ఆగస్టు 15 వస్తే చాలు, జెండా చక్రంలోని 24 ఆకులకి 24 సద్గుణాలు రాసిన చార్టు బడిబడికీ ప్రత్యక్షమవుతుంది. వాట్సాప్‌లో సరేసరి. 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన తీర్మానం చిన్నది. తెల్లపట్టీ మధ్యలో ముదురు నీలం చక్రం, అది చరఖాకి ప్రతీక, దాని నమూనా సారనాథ్ అశోక స్తంభపు సింహశీర్షం కింది పలక మీదున్న చక్రం, అంతే. గుణాల జాబితా అందులో లేదు. చక్రం ధర్మాన్నీ చలనాన్నీ సూచిస్తుందని సర్వేపల్లి రాధాకృష్ణన్ వివరించారు, కదలకపోవడమంటే చావేనన్నారు. ఆయనా ఆకుల జోలికి పోలేదు. పిల్లలకి మంచి గుణాలు నేర్పొద్దని ఎవరంటారు? నేర్పండి. దానికి అశోకుణ్ణి సాక్ష్యం పిలవకండి.

సారనాథ్ స్తంభం దగ్గర ఇంకో ముచ్చట ఉంది, ఇది చార్టులో పెడితే పిల్లలు వదలరు. 1904-05లో తవ్వకాల్లో బయటపడ్డ ఆ నాలుగు సింహాలు శిఖరం కాదు, పీఠం. వాటి వీపుల మీద ఒకప్పుడు పెద్ద రాతి చక్రం ఉండేది. విరిగిన ముక్కలు దొరికాయి. వాటిని బట్టి 32 ఆకులుండేవని లెక్కగట్టారు. సింహాల కాళ్ళ కింది పలక మీద ఏనుగు, గుర్రం, ఎద్దు, సింహం, వాటి నడుమ 24 ఆకుల చిన్న చక్రాలు. ఒకే స్తంభం, ఒకే రాజు, రెండు లెక్కలు. 1950 జనవరి 26న రాజముద్రగా తీసుకున్న బొమ్మలో పై చక్రం లేదు. మనం సింహాల్ని చూస్తూ వాటి మీద మోసినదాన్ని మర్చిపోయాం.

ఇవన్నీ ఒక ఎత్తు, నాగార్జునకొండ ఒక ఎత్తు. క్రీస్తు శకం 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 6వ పాలనా సంవత్సరంలో, ఆయన మేనత్త చాంతిసిరి అక్కడి మహాచైత్యాన్ని, అంటే పెద్ద స్తూపాన్ని, పూర్తి చేయించింది. పని చూసింది ఆనందుడనే భిక్షువు. 1920ల చివర్లో పురావస్తు అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వినప్పుడు లోపలి కట్టడం బయటపడింది. నడుమ ఇటుకల కుండ, దాన్నుంచి అంచుకి పోయే ఇటుక గోడల ఆకులు, చుట్టూ ఇటుక వలయం. నిలువెత్తు చక్రాన్ని నేల మీద పడుకోబెట్టినట్టు. ఆకుల మధ్య గదుల్లో మట్టి నింపారు. అలా చేస్తే ఇటుక కలిసొస్తుంది, కట్టడం పక్కలకి పగలకుండా గోడలు పట్టి ఉంచుతాయి. గోపురానికి సున్నం గచ్చు చేశాక చక్రం ఎవరికీ కనపడదు. ధాతువు, అంటే పూజించే అవశేషం, దొరికింది కూడా నట్టనడుమ కుండలో కాదు, పక్కన ఒక గదిలో. అక్కడే కొన్ని చిన్న స్తూపాల్లో కుండ ఉండాల్సిన చోట ఇటుకలతో స్వస్తిక పేర్చారు. నాగార్జునసాగర్ నీళ్ళు రాకముందు ఇలాంటి కట్టడాలు కొన్నిటిని విప్పి కొండమీదికి చేర్చి మళ్ళీ కట్టారు, పడవెక్కి పోయి చూడొచ్చు.

చక్రం కనపడకుండా కట్టారే, మరి తిరిగేదేది? దాని చుట్టూ ప్రదక్షిణం చేసే మనిషి. నాకు తోచిన అర్థం ఇది, శాసనంలో ఉందని చెప్పను. కానీ ఆ ఇటుక ఆకుల మధ్య నిలబడ్డప్పుడల్లా ఇంకోలా అనుకోవడం నాకు చేతకాలేదు.

అమరావతి సంగతికొస్తే, మీ బోర్డులన్నీ బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపకుండా చక్రంతో సూచించారని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. కొన్ని శిల్పాలకి అది సరిపోవచ్చు. అయితే శాతవాహన రాజు పులుమావి కాలపు శాసనం ఒకటుంది. మహాచైత్యం పడమటి ద్వారం దగ్గర చైత్యక అనే బౌద్ధ శాఖ వారి అధీనంలో ధర్మచక్రాన్ని దానంగా నిలబెట్టినట్టు ఒక గృహపతి కుటుంబం అందులో చెక్కించుకుంది. అంటే అక్కడ నిజంగానే చక్రస్తంభం నిలబడింది, జనం దానికి మొక్కారు. అలాంటప్పుడు పలక మీద చేతులు జోడించినవాళ్ళు బుద్ధుడికి బదులు చక్రానికి మొక్కుతున్నారనుకోవాలా, తమ ఊళ్ళో రోజూ చూసే చక్రానికే మొక్కుతున్నారనుకోవాలా? పండితులు దీని మీద చాలాకాలంగా తగువు పడుతున్నారు. ఆ తగువు బోర్డు మీద రెండు వాక్యాల్లో రాస్తే జనం హాయిగా చదువుతారు. అన్నీ తేలిపోయినట్టు రాస్తేనే విసుగు.

దాతల పేర్లు కూడా రాయండి దయచేసి. 2018లో ఆంధ్రప్రదేశ్ ఖరారు చేసుకున్న రాజముద్రలో అమరావతి ధర్మచక్రం, త్రిరత్నాలు, నడుమ పూర్ణఘటం, అంటే నిండు కలశం, ఉన్నాయి. అమరావతిలో పూర్ణఘటం పలక ఒకటి ఇచ్చినవాడు విధికుడు. శాసనంలో అతని వృత్తి చమ్మకార అని ఉంది, తోలుపని చేసేవాడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో కలిసి ఇచ్చాడు. ప్రతి ప్రభుత్వ కాగితం మీద ఎక్కిన బొమ్మ వెనక ఇలాంటి దాత ఒకడున్నాడని ఎంతమంది పిల్లలకి తెలుసు?

నేనడిగేది పెద్ద ఖర్చు పనేం కాదు. ఆ రాయి మీద ఎన్ని ఆకులున్నాయో అన్నే రాయండి, విరిగిపోయి తెలియకపోతే విరిగిందని రాయండి. రాయి ఏ స్తూపానిదో, దేనికి చెక్కారో రాయండి. చావుపుట్టుకల భవచక్రాన్నీ ధర్మచక్రాన్నీ కలిపెయ్యకండి, ఒకటి ఇరుక్కున్న చక్రం, ఇంకొకటి నడిచే చక్రం. బౌద్ధ సాహిత్యం నుంచి తప్పకుండా ఒక వాక్యం పెట్టాలంటే కొండన్నకి ఎక్కిన సంగతి పెట్టండి.

కొత్త బోర్డు తగిలించిన రోజు ఒక కబురు చెయ్యండి, మా పిల్లని వెంటబెట్టుకుని వస్తాను. ముందు రాయి దగ్గరికి పోయి లెక్కపెట్టి, ఆ తర్వాతే మీ బోర్డు చదువుతుంది. పెచ్చు ఊడిన చోటు తనకింకా గుర్తే.

ఇట్లు,
బోర్డులు కడదాకా చదివే ఒక సందర్శకుడు